మాట రాని తరగతి నుంచి ఏడుసార్లు నింగికి

ఆ కుర్రాడికి లెక్కలు వచ్చు. సైన్సూ వచ్చు. రానిదల్లా టీచరు మాట్లాడే భాష. 1968లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఓ ప్రభుత్వ హైస్కూల్లో చేరిన ఫ్రాంక్లిన్ చాంగ్ డియాజ్ పరిస్థితి అది. పద్దెనిమిదేళ్ల వయసు. సొంత దేశంలో అప్పటికే హైస్కూలు చదువు పూర్తిచేశాడు. మళ్లీ హైస్కూల్లోనే కూర్చున్నాడు. ఎందుకంటే అతను చదివిందంతా స్పానిష్‌లో. ఇక్కడ బోర్డు మీద రాసేదంతా ఇంగ్లిష్.

ఈ పేజీకి ఉత్తరాలు రాసే హోసూరు, బళ్లారి, షోలాపూర్, రాయగడ పిల్లలకు ఈ కష్టం గురించి మేం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒక మాట, బజార్లో ఒక మాట, బడిలో మూడో మాట. ఏడో తరగతి దాకా తెలుగులో చదివి, ఎనిమిదిలో మరో మాధ్యమంలోకి మారాక ‘మా వాడు మొద్దబ్బాయి అయిపోయాడు’ అని తల్లిదండ్రులు బెంగపడుతూ రాసే ఉత్తరాలు మాకు ఏటా జూన్, జులైల్లో వస్తూనే ఉంటాయి. ఈ వారం చాంగ్ డియాజ్ కథను ఎంచుకోవడానికి కారణం ఆ ఉత్తరాలే. ఆయన భౌతిక శాస్త్రవేత్త. స్పేస్ షటిల్‌లో ఏడుసార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చారు. ఆ లెక్కలోకి వెళ్లేముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చూద్దాం.

మామిడి చెట్టు మీద

ఉత్తర అమెరికానూ దక్షిణ అమెరికానూ కలిపే సన్నటి నేల మీద కోస్టా రికా అనే చిన్న దేశం ఉంది. విస్తీర్ణం 51 వేల చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ కన్నా కొంచెం పెద్దది, అంతే. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం. దాని రాజధాని శాన్ హొసేలో 1950 ఏప్రిల్ 5న ఫ్రాంక్లిన్ పుట్టాడు. తండ్రి వైపు తాత చైనా నుంచి వలస వచ్చినవాడు. అందుకే పేరులో ‘చాంగ్’. ‘డియాజ్’ తల్లి వైపు ఇంటిపేరు. స్పానిష్ మాట్లాడేవాళ్లు తండ్రి ఇంటిపేరునూ తల్లి ఇంటిపేరునూ రెంటినీ పెట్టుకుంటారు. ఆ పద్ధతి మాకు నచ్చింది. మన దగ్గర పెళ్లయితే అమ్మ ఇంటిపేరు ఊసే ఉండదు కదా!

1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు అతనికి ఏడేళ్లు. అప్పుడు కుటుంబం కొంతకాలం వెనిజులాలో ఉంది. మనుషులు చేసిన చంద్రుడొకటి ఆకాశంలో తిరుగుతోందని అమ్మ చెబితే, చూద్దామని మామిడి చెట్టెక్కి కూర్చున్నాడట. ఈ ముచ్చట ఆయనే చెప్పుకొన్నారు. నిజానికి స్పుత్నిక్ అరవై సెంటీమీటర్లు కూడా లేని గుండు. అంత చిన్నది మామూలు కంటికి కనబడటం కష్టం. ఆ రోజుల్లో జనం స్పుత్నిక్ అనుకుని చూసింది చాలావరకు దాన్ని మోసుకెళ్లి, దాని వెనకే తిరిగిన రాకెట్ తొడుగును. చెట్టెక్కిన పిల్లాడికి ఆ తేడాతో పనేముంది?

కాస్త పెద్దయ్యాక నాసాకు ఉత్తరం రాశాడు. వ్యోమగామి కావాలంటే ఏం చేయాలని అడిగాడు. అలాంటి ఉత్తరాలు రాసేవాళ్లందరికీ పంపే అచ్చు జవాబే అతనికీ వచ్చింది. అయినా దాన్ని ఆహ్వానం అన్నట్టే తీసుకున్నాడు. 1967 నవంబరులో శాన్ హొసేలోని లా సాల్ పాఠశాలలో చదువు ముగించి, బ్యాంకులో కొన్ని నెలలు పనిచేసి డబ్బు కూడబెట్టాడు. 1968లో జేబులో యాభై డాలర్లతో, వెళ్లడానికే తప్ప తిరిగి రావడానికి లేని విమానం టికెట్టుతో అమెరికా బయల్దేరాడు. హార్ట్‌ఫర్డ్‌లో దూరపు చుట్టాలున్నారు. వాళ్లింట్లో దిగాడు.

లెక్క తెలుసు, మాట తెలియదు

హార్ట్‌ఫర్డ్ పబ్లిక్ హైస్కూల్లో మొదట్లో అతనికి వచ్చినవి తప్పిన మార్కులే. స్పానిష్ మాట్లాడే పిల్లల్ని అక్కడ విడిగా ఒక తరగతిలో కూర్చోబెట్టేవారు. అక్కడుంటే తోటివాళ్లంతా స్పానిష్‌లోనే మాట్లాడతారు, తనకు ఇంగ్లిష్ ఎప్పటికి పట్టుబడాలి? మామూలు తరగతిలో వేయమని పట్టుబట్టాడు. వేశారు. ఏడాది తిరిగేసరికి తరగతిలో ముందు వరసకు వచ్చాడు. 1969లో అక్కడి చదువు పూర్తయింది.

ఇక్కడ మేం కాస్త ఆగదలచుకున్నాం. ఈ కథను చాలామంది ‘చూశారా, మాతృభాషను వదిలేసి ఇంగ్లిష్‌లో దూకాడు, గెలిచాడు’ అన్నట్టు చెబుతారు. అది సగం మాటే. శాన్ హొసేలో అతను లెక్కలూ సైన్సూ నేర్చుకున్నది తన భాషలో. బీజగణితం అంటే ఏమిటో, బలం అంటే ఏమిటో, వేగానికీ త్వరణానికీ తేడా ఏమిటో అతని బుర్రలో అప్పటికే గట్టిగా ఉంది. హార్ట్‌ఫర్డ్‌లో నేర్చుకోవాల్సింది వాటికి మరో భాషలో పేర్లు మాత్రమే. పేర్లు ఏడాదిలో నేర్చుకోవచ్చు. త్వరణం అంటేనే తెలియనివాడు ఆ మాటను ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు పలికినా లాభం ఉండదు.

ఇంకో సంగతి. అతనికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. తనను తాను తోసుకోగల వయసు. ఆరేళ్ల పిల్లని తీసుకెళ్లి తెలియని భాష తరగతిలో కూర్చోబెట్టి ‘ఈదుకో’ అంటే అది వేరు. చాంగ్ డియాజ్ ఉదాహరణ చూపించి చిన్నారుల బడి మాధ్యమం మార్చేయడం మాకు సబబు అనిపించదు. అలాగని పక్క భాష అక్కర్లేదనీ అనం. తమిళనాడులో 2006 నాటి చట్టం తర్వాత పదో తరగతిలో తమిళం పేపరు రాయాలా, సొంత భాష పేపరు రాయాలా అన్న పేచీ కోర్టుల దాకా వెళ్లింది. తమిళం పేపరు రాయాల్సి వచ్చిన మన పిల్లలు దానికి భయపడటానికి అసలు కారణం తమిళం కాదు. దాన్ని పరాయివాళ్లకు నేర్పే పద్ధతిలో ఎవరూ నేర్పకపోవడం. హార్ట్‌ఫర్డ్ టీచర్లు చేసిన మంచి పని ఒకటే. మార్కులు తప్పుతున్న ఈ కుర్రాడికి బుర్ర లేదనుకోలేదు. మాట లేదని గుర్తించారు.

ఆ టీచర్లు చేసిన మరో పనీ చెప్పాలి. కనెక్టికట్ విశ్వవిద్యాలయం అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చింది. తీరా చూస్తే అది పొరపాటున ఇచ్చింది! అమెరికా పౌరులకే చెందాల్సిన స్కాలర్‌షిప్ అది. ప్యూర్టో రికో నుంచి వచ్చాడనుకున్నారు. ప్యూర్టో రికో అమెరికా ఏలుబడిలోని ద్వీపం, అక్కడివాళ్లు అమెరికా పౌరులే. కోస్టా రికా వేరే దేశం. రాయగడకూ రాయదుర్గానికీ తేడా తెలియక ఉత్తరం తప్పు ఊరికి పంపినట్టన్నమాట. తప్పు తెలిసి స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకున్నారు. అప్పుడు హైస్కూలు టీచర్లు కదిలారు. విషయం రాష్ట్ర శాసనసభ దాకా వెళ్లింది. చివరికి ఒక్క ఏడాదికి సాయం మంజూరైంది. మిగిలిన ఏళ్లు అతను పనిచేసుకుంటూ నెట్టుకొచ్చాడు.

ఆ పని కూడా ఎక్కడనుకున్నారు? విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగంలోనే. పరమాణువుల్ని ఎక్కువ శక్తితో ఒకదానికొకటి ఢీకొట్టించే ప్రయోగాలకు పరికరాలు తయారుచేయడంలో సహాయకుడిగా చేరాడు. చదివే డిగ్రీ మెకానికల్ ఇంజినీరింగ్, బతుకుతెరువు భౌతిక శాస్త్రం. స్క్రూలు బిగించడం, శూన్య గొట్టాల్లో గాలి కారకుండా చూడడం దగ్గర్నుంచి చేతికి అలవాటైంది. 1973లో డిగ్రీ చేతికొచ్చింది.

కుండలో పట్టని నిప్పు

అప్పటికి చంద్రయాత్రలు ముగిసిపోయాయి. చివరి అపోలో 1972 డిసెంబరులో తిరిగొచ్చింది. మరోవైపు 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. పెట్రోలు లేకపోతే ప్రపంచం ఏమవుతుందన్న భయం పట్టుకుంది. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమ్మీద చేయగలిగితే శక్తికి కొదవ ఉండదన్న ఆశ బలపడింది. చాంగ్ డియాజ్ ఆ దారి పట్టాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఎంఐటీలో, ప్లాస్మా భౌతిక శాస్త్రంలో పరిశోధన చేసి 1977లో డాక్టరేట్ తీసుకున్నాడు. అదే ఏడాది అమెరికా పౌరుడయ్యాడు.

ప్లాస్మా అంటే ఏమిటి? మంచు ముక్కకు వేడి పెడితే నీరవుతుంది. నీటికి పెడితే ఆవిరవుతుంది. వాయువుకు ఇంకా ఇంకా శక్తి పెట్టుకుంటూ పోతే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ధనావేశం ఉన్న అయాన్లూ రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లూ కలిసి ఈదులాడే ఆ స్థితే ప్లాస్మా. ఘన, ద్రవ, వాయువుల తర్వాత నాలుగోది. మీరు చూడలేదనుకోకండి. మెరుపు ప్లాస్మాయే. వెల్డింగ్ షాపులో కళ్లు చెదిరే వెలుగూ అదే. వెలిగే ట్యూబ్‌లైట్ లోపల ఉన్నదీ అదే. సూర్యుడంతా ప్లాస్మాయే.

సంలీనానికి కావాల్సిన ప్లాస్మా కోట్ల డిగ్రీల వేడిలో ఉండాలి. దాన్ని ఏ కుండలో పోస్తాం? తగిలితే పాత్ర ఉండదు, పాత్ర తగిలితే ప్లాస్మా చల్లబడిపోతుంది. విద్యుదావేశం ఉంది కాబట్టి అది అయస్కాంత క్షేత్రానికి లొంగుతుంది. అంటే గోడల్లేని కుండను అయస్కాంత రేఖలతో అల్లాలి. చాంగ్ డియాజ్ విద్య అదే. డాక్టరేట్ తర్వాత డ్రేపర్ ప్రయోగశాలలో చేరి సంలీన యంత్రాల నియంత్రణ మీద పనిచేశాడు. 1979 ప్రాంతంలోనే అతనికి తట్టిన ఆలోచన ఇది: నిప్పును బంధించడానికి ఇంత తంటాలు పడుతున్నాం కదా, ఆ అయస్కాంత సీసాకు ఒకవైపు మూత తీసేస్తే? ప్లాస్మా మహావేగంతో బయటికి దూసుకొస్తుంది. సీసా వెనక్కి నెడుతుంది. అది రాకెట్ కాదా? ఆ సంగతి తర్వాత.

ఆ రోజుల్లోనే ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువమంది రాస్తారు. దీర్ఘకాలం మానసిక వ్యాధితో ఆస్పత్రుల్లో ఉండి బయటికి వచ్చినవాళ్లను సమాజంలో కలిపే ప్రయత్నంగా నడిపిన ఒక ఇంటికి రెండున్నరేళ్లు నిర్వాహకుడిగా ఉన్నారు. మత్తుమందులకు బానిసలైన స్పానిష్ భాషీయులకు పునరావాస కార్యక్రమంలో పాఠాలు చెప్పారు. పగలు ప్లాస్మా, సాయంత్రం ఈ పని. సొంత భాష తెలిసినవాడు ఎదురుగా కూర్చుంటే ఎంత తేడా వస్తుందో పరాయి రాష్ట్రం ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

వ్యోమగామి కావడానికి పెట్టుకున్న మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. రెండోసారి మళ్లీ పెట్టారు. 1980 మేలో నాసా ఎంచుకున్న పంతొమ్మిది మందిలో ఆయనొకరు. మొదటి ప్రయాణానికి మాత్రం ఆరేళ్లు ఆగాల్సి వచ్చింది. ఈలోగా కక్ష్యలో ఉన్నవాళ్లతో కింది నుంచి మాట్లాడే బాధ్యత చూశారు.

కక్ష్య నుంచి స్పానిష్

కొలంబియా షటిల్ 1985 డిసెంబరులో ఎగరాలి. ఒకసారి లెక్క పద్నాలుగు సెకన్ల దాకా వచ్చి ఆగింది. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 1986 జనవరి 12న లేచింది. ఆరు రోజుల ఆ యాత్రలో ఒక సమాచార ఉపగ్రహాన్ని వదిలారు, ప్రయోగాలు చేశారు. మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది మరొకటి. చాంగ్ డియాజ్ షటిల్ లోపల నుంచి స్పానిష్‌లో ఒక వీడియో కార్యక్రమం చేశారు. అమెరికాలోని స్పానిష్ కుటుంబాలకూ, లాటిన్ అమెరికా దేశాలకూ దాన్ని ప్రసారం చేశారు. పద్దెనిమిదేళ్ల కిందట ఏ భాష మాట్లాడినందుకు ఆయన్ను విడి తరగతిలో కూర్చోబెట్టారో, ఆ భాషలో.

జనవరి 18న వాళ్లు దిగారు. సరిగ్గా పది రోజులకు, 28న, తర్వాతి షటిల్ చాలెంజర్ లేచిన 73 సెకన్లకు పేలిపోయింది. ఏడుగురూ మరణించారు. వాళ్లలో రొనాల్డ్ మెక్‌నేర్ ఉన్నారు. ఆయనా భౌతిక శాస్త్రవేత్తే. లేజర్ల మీద పనిచేసి, చాంగ్ డియాజ్ చదివిన ఎంఐటీలోనే 1976లో డాక్టరేట్ తీసుకున్నవారు. దక్షిణ కరొలినాలో నల్లజాతి పిల్లాడిగా పుట్టి ఆ ఎత్తుకు ఎదిగినవారు. ఒకే విద్య, ఒకే బడి, ఒకే కొలువు. వాళ్లిద్దరి ప్రయాణాలకు మధ్య దూరం కొద్ది రోజులు. ఆ ప్రమాదం తర్వాత రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు షటిళ్లు కదల్లేదు. కదలడం మొదలయ్యాక చాంగ్ డియాజ్ మళ్లీ ఎక్కారు.

1989 అక్టోబరులో అట్లాంటిస్ నుంచి గెలీలియో అంతరిక్ష నౌకను గురు గ్రహం వైపు పంపిన బృందంలో ఉన్నారు. అది 1995 డిసెంబరులో అక్కడికి చేరింది. 1994లో డిస్కవరీలో ఆయన పక్కన సెర్గెయ్ క్రికల్యోవ్ ఉన్నారు. అమెరికా షటిల్ ఎక్కిన మొదటి రష్యన్ ఆయనే. 1998లో రష్యా వాళ్ల మీర్ కేంద్రానికి చివరిసారిగా వెళ్లిన షటిల్‌లోనూ చాంగ్ డియాజ్ ఉన్నారు. నోబెల్ గ్రహీత శామ్యూల్ టింగ్ నాయకత్వంలో ప్రతిద్రవ్యాన్ని వెతకడానికి తయారైన పరికరం తొలి నమూనా ఎగిరింది ఆ యాత్రలోనే.

తెగిన తీగ

బడి పిల్లలకు చెప్పదగ్గ యాత్ర మరొకటుంది. సైకిలు డైనమో తెలుసు కదా? అయస్కాంతానికీ తీగచుట్టకూ మధ్య కదలిక ఉంటే కరెంటు పుడుతుంది. భూమే ఒక పెద్ద అయస్కాంతం. మరి షటిల్ నుంచి పొడవాటి తీగను వేలాడదీసి భూమి చుట్టూ తిరిగితే? తీగలో కరెంటు పుట్టాలి. ఇటలీ, అమెరికా కలిసి ఈ ప్రయోగం తలపెట్టాయి. 1992లో అట్లాంటిస్ నుంచి వదిలితే సుమారు 260 మీటర్లకే తీగ ఇరుక్కుపోయింది. అప్పుడు బృందంలో చాంగ్ డియాజ్ ఉన్నారు. 1996 ఫిబ్రవరిలో కొలంబియా నుంచి మళ్లీ వదిలారు. అప్పుడూ ఉన్నారు. బూటు లేసు మందమున్న తీగ ఈసారి 19.7 కిలోమీటర్లు సాఫీగా సాగింది. 3,500 వోల్టుల దాకా పుట్టింది. పూర్తి పొడవుకు ఇక కిలోమీటరు మిగిలి ఉండగా పుటుక్కున తెగింది. ఉపగ్రహం తీగతో సహా కొట్టుకుపోయింది.

ఎందుకు తెగింది? తీగ మీది పొరలో ఎక్కడో లోపం. అక్కడి నుంచి విద్యుత్తు నిప్పురవ్వగా ఎగిరి తీగను కాల్చేసింది. లోకం దాన్ని వైఫల్యం అంది. ప్లాస్మా తెలిసినవాళ్లకు మాత్రం ఆ కొద్ది గంటల్లో దొరికిన సమాచారం చాలా విలువైంది. అనుకున్నదానికన్నా ఎక్కువ కరెంటు పుట్టిందని తేలింది. ప్రయోగశాలలో పరికరం పాడైతే మార్కులు కోసేసే అలవాటున్న మాస్టార్లు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

2002 జూన్‌లో ఏడోసారి, ఎండెవర్‌లో. ఆ ఏప్రిల్‌లోనే జెర్రీ రాస్ అనే వ్యోమగామి ఏడోసారి వెళ్లి రికార్డు పెట్టారు. రెండు నెలలకే చాంగ్ డియాజ్ సమం చేశారు. కక్ష్యలోకి అంతకన్నా ఎక్కువసార్లు వెళ్లినవారు ఇప్పటికీ లేరు. విచిత్రం ఏమిటంటే, ఆరు యాత్రల దాకా ఆయన నౌక బయట అడుగు పెట్టనేలేదు. ఏడోదాంట్లో, 52 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ పెరాన్‌తో కలిసి మూడుసార్లు అంతరిక్షంలో నడిచారు. మొత్తం 19 గంటల 31 నిమిషాలు. అంతరిక్ష కేంద్రం మరచేతికి పట్టాల మీద నడిచే పీఠం బిగించారు. ఆ చేతి మణికట్టు కీలు చెడిపోతే కొత్తది మార్చారు. కనెక్టికట్ ప్రయోగశాలలో స్క్రూలు బిగించిన చెయ్యే అది. ఏడు యాత్రలూ కలిపితే ఆయన పైన గడిపింది 1,601 గంటలు.

అరకిలో తోపుడు

2005లో నాసా వదిలారు. సీసా మూత తీసే ఆలోచన ఉంది కదా, దాని కోసం. అప్పటికే పన్నెండేళ్లుగా హ్యూస్టన్‌లోని జాన్సన్ కేంద్రంలో దాని మీదే ఒక ప్రయోగశాల నడుపుతున్నారు. బయటికొచ్చి యాడ్ ఆస్ట్రా రాకెట్ కంపెనీ పెట్టారు. లాటిన్‌లో ‘నక్షత్రాలకు’ అని అర్థం. ఇంజిన్ పేరు వాసిమర్. కంపెనీ శాఖను 2006లో కోస్టా రికాలోని లైబీరియా అనే ఊళ్లో తెరిచారు. పుట్టిన గడ్డకు ఆయన తిరిగిచ్చింది విగ్రహమో శిలాఫలకమో కాదు, ప్లాస్మా ప్రయోగశాల. ఆ దేశంలో చదివిన ఇంజినీర్లకు అలాంటి పని సొంత ఊళ్లోనే దొరికింది. హైడ్రోజన్‌తో నడిచే బస్సు ఒకటి కూడా అక్కడ నడిపారు.

ఇంజిన్ ఎలా పనిచేస్తుందంటే, ఆర్గాన్ వాయువును రేడియో తరంగాలతో ప్లాస్మాగా మారుస్తారు. మరో రకం రేడియో తరంగాలతో దాన్ని లక్షల డిగ్రీలకు వేడెక్కిస్తారు. అయస్కాంతాలతో చేసిన గొట్టం గుండా వెనక్కి వదులుతారు. మామూలు రాకెట్లలో మంచివి కూడా వాయువును సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో వదులుతాయి. ఇది యాభై కిలోమీటర్ల వేగంతో వదలగలదు. అంటే అంత తక్కువ ఇంధనం చాలు. పైగా గేర్లు మార్చినట్టు మార్చుకోవచ్చు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సు డ్రైవరు తక్కువ గేర్లో బలం తీసుకుని, చదునుకొచ్చాక వేగం అందుకుంటాడే, అలా.

అయితే బలం సంగతి చెప్పకపోతే మేం మోసం చేసినట్టే. 200 కిలోవాట్ల కరెంటు తింటూ 2009లో పరీక్షించిన నమూనా ఇచ్చిన తోపుడు ఆరు న్యూటన్లకు కాస్త తక్కువ. అరకిలో పైచిలుకు బరువును అరచేతిలో పెట్టుకుంటే తెలిసే బలం. నేల మీంచి చీమను తప్ప దేన్నీ లేపలేదని వెక్కిరించవచ్చు. కానీ అంతరిక్షంలో ఆపేవాడు లేడు. ఆ చిన్న తోపుడు వారాలూ నెలలూ ఆగకుండా తోస్తే మహావేగం వస్తుంది.

ఈ ఇంజిన్‌తో అంగారకుడికి 39 రోజుల్లో వెళ్లవచ్చని చాంగ్ డియాజ్ అంటారు. ఈ మాట పత్రికల్లో తెగ తిరిగింది. దానికి 200 మెగావాట్ల అణువిద్యుత్ కేంద్రం నౌకలోనే ఉండాలి, అదీ ఎంతో తేలిగ్గా ఉండాలి. అంతరిక్ష కేంద్రం సోలార్ పలకలన్నీ కలిసి ఇచ్చేది వంద కిలోవాట్ల స్థాయిలో. అంటే దానికి రెండు వేల రెట్లు. అలాంటి అణుయంత్రం ఎవరి దగ్గరా లేదు. అంగారక యాత్రల కోసం దశాబ్దాలుగా వాదించే రాబర్ట్ జుబ్రిన్ అనే ఇంజినీరు ఈ 39 రోజుల మాట మీద నిప్పులు చెరిగారు. ఆ విమర్శలో బలముందనే మా అభిప్రాయం. ఇంజిన్‌ను అంతరిక్ష కేంద్రం మీద పెట్టి పరీక్షించాలన్న ప్రణాళిక కూడా ఆగిపోయింది. 2021 జులైలో మాత్రం నేల మీది శూన్య గదిలో 80 కిలోవాట్లతో 88 గంటలు ఆపకుండా నడిపి చూపించారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై ఒకటి. ఆలోచన పుట్టి నలభై రెండేళ్లు.

తరగతిలో చేసి చూడదలచుకుంటే, సైకిలు డైనమోకు చిన్న బల్బు తగిలించి చక్రం నెమ్మదిగానూ వేగంగానూ తిప్పండి. వెలుగు తేడాను రాసుకోండి. తెలుగులో రాయండి, పక్కనే మీ రాష్ట్ర భాషలో ఆ మాటలేమిటో టీచర్ని అడిగి రాయండి. మాకు పంపితే వచ్చే నెల వేస్తాం.

చాంగ్ డియాజ్, పెరాన్ కలిసి బిగించిన ఆ పీఠం అంతరిక్ష కేంద్రం పట్టాల మీద మరచేతిని మోస్తూ తిరుగుతోంది. కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టివస్తుంది. పొద్దుగుంకిన కాసేపటికో, తెల్లవారకముందో మన ఊళ్ల మీదుగా వెళ్లినప్పుడు మిణుకుమనకుండా జారిపోయే పెద్ద చుక్కలా కనబడుతుంది. దాన్ని చూడటానికి చెట్టెక్కక్కర్లేదు. డాబా చాలు.